ఫ్లాష్ మింగేసిన దీపం

కార్తీక పౌర్ణమి రాత్రి. కోనసీమలో మా అమ్మమ్మగారిల్లు. తులసికోట ముందు పీట వేసుకుని కూర్చుని, 365 వత్తుల కట్టని ఆవునేతిలో ముంచి వెలిగిస్తోంది అమ్మమ్మ. అప్పుడే కరెంటు కూడా పోయింది. ఆ ఒక్క దీపం వెలుగే ఆమె ముఖంమీదా, చేతిగాజులమీదా, తులసాకుల అంచులమీదా పడుతోంది. వెనకాల అంతా చిక్కటి చీకటి. పిల్లలందరం అల్లరి మానేసి అలా నిలబడిపోయాం.

2007 సంగతి. నాకప్పుడు పదిహేడేళ్లు. మావయ్య సింగపూర్ నుంచి తెచ్చిన సబ్బుపెట్టెంత డిజిటల్ కెమెరా నా చేతిలో ఉంది. ఇంకేముంది... గురిపెట్టి నొక్కాను. ఫెళ్లున ఫ్లాష్!

వెనకనున్న బుల్లి తెరమీద చూసుకుంటే ఏముంది? అమ్మమ్మ ముఖానికి సున్నం కొట్టినట్టుంది. కళ్లు ఎర్రగా మెరుస్తున్నాయి. పెచ్చులూడిన గోడ, చేతిపంపు, దాని పక్కన బకెట్టు, తాడుమీద ఆరేసిన తాతయ్య తువ్వాలు... అన్నీ కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి. కనిపించనిదల్లా ఒక్కటే, మేమందరం కళ్లప్పగించి చూసిన ఆ వెలుగు. దీపం ఉంది కానీ, గోడమీద పసుపుచుక్కలా ఉంది.

మళ్లీ నొక్కాను. మళ్లీ అంతే. ‘‘ఏమే, ఉరుము లేని పిడుగులా ఏమిటా మెరుపు? దీపం కూడా కనపడ్డం లేదు నాకు’’ అని అమ్మమ్మ విసుక్కుంది. మూడోసారి నొక్కేసరికి బ్యాటరీ నీరసించిపోయిందేమో ఫ్లాష్ వెలగలేదు. కెమెరా లోపల ‘టిక్’ మని, కాస్త ఆగి మళ్లీ ‘టిక్’ మంది. ఆ కాస్సేపట్లో నా చెయ్యి కదిలింది. ఫొటో అదిరింది. అంటే బాగా వచ్చిందని కాదు, నిజంగానే అదిరింది! అమ్మమ్మ ముఖం మసగ్గా, బంగారురంగులో, చీకట్లోంచి తేలివస్తున్నట్టుంది.

‘‘ఇది పాడైంది, తీసెయ్’’ అన్నాడు మా అన్నయ్య. మొదటి రెండూ బాగున్నాయని అందరూ తేల్చారు. ముఖం ‘క్లియర్‌గా’ వచ్చింది కదా మరి!

ఆ మూడో ఫొటోని ఎందుకు తీసెయ్యలేదో నాకే తెలియదు. ఇన్నేళ్ల తర్వాత మా ఇంట్లో అమ్మమ్మ ఫొటోలన్నిట్లోకీ ఆ రాత్రిని గుర్తుచేసేది అదొక్కటే. అది నేను తీసింది కాదు, ఆటో మోడ్ పని చెయ్యకపోతే వచ్చింది. ఇందులో నా గొప్పేం లేదు. అలాంటిది మళ్లీ కావాలంటే బ్యాటరీ అయిపోయేదాకా ఎదురుచూడాలా అన్నదే ప్రశ్న.

అక్కర్లేదు. కెమెరా ఏమనుకుంటుందో తెలిస్తే చాలు.

అంతా బూడిద రంగే!

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. ఉతికిన తెల్లటి దుప్పటి ఒకటి తీసుకోండి. తెరనిండా దుప్పటి తప్ప ఇంకేం కనపడకుండా ఫొటో తీయండి. తర్వాత అదే వెలుగులో నల్లగొడుగు విప్పి, తెరనిండా నలుపే ఉండేలా ఇంకొకటి తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. దుప్పటి మాసినట్టుంటుంది. గొడుగు వెలిసిపోయినట్టుంటుంది. రెండూ బూడిద రంగువైపే జరిగి ఉంటాయి.

ఎందుకంటే కెమెరాకి ఎదురుగా ఉన్నది దుప్పటో గొడుగో తెలియదు. తనలోకి ఎంత వెలుగు వస్తోందన్నదే తెలుసు. లోకంలో వెలుగునీడల్ని సగటు చేస్తే ఒక మధ్యస్థమైన బూడిద రంగు వస్తుందన్నది దానికి నేర్పిన లెక్క. తనమీద పడిన వెలుగులో 18 శాతాన్ని తిప్పిపంపే రంగు అని ఫొటోగ్రఫీ పాఠాల్లో చెబుతారు. తెల్లదనం ఎక్కువగా కనిపిస్తే ‘అబ్బో, వెలుగు మరీ ఎక్కువుంది’ అని తగ్గిస్తుంది. నలుపు ఎక్కువుంటే ‘పాపం చీకటి’ అని పెంచుతుంది. ఇప్పటి ఫోన్లు ముఖాల్ని గుర్తుపడతాయి, ఆకాశాన్ని గుర్తుపడతాయి, పది రకాలుగా సర్దుకుంటాయి. అయినా ఆ పాత అలవాటు పూర్తిగా పోలేదు. చీకటి కనిపిస్తే చాలు, వెలిగించెయ్యాలని చూస్తాయి.

సంక్రాంతికి మీరు తీసిన ముగ్గుల ఫొటోలు ఓసారి తీసి చూడండి. పేడనీళ్లు చల్లిన నేల ముదురురంగులో ఉంటుంది. ఫొటోలో ఎక్కువభాగం అదే కాబట్టి కెమెరా వెలుగు పెంచేస్తుంది. ముగ్గుగీతలు తెల్లగా మాడిపోయి, పిండి పోసిన వేళ్ల నేర్పు కనపడకుండా పోతుంది. గేదెని దగ్గర్నుంచి తీస్తే బూడిదలో పొర్లివచ్చినట్టుంటుంది. తెల్లటి పంచెకట్టుకున్న పెద్దాయన్ని తెల్లగోడ ముందు నిలబెట్టి తీస్తే, గోడా పంచే మాసిపోయి ఆయన ముఖం నల్లబడుతుంది.

దీనికి విరుగుడు దాదాపు ప్రతి కెమెరాలోనూ ఉంది. ప్లస్, మైనస్ గుర్తులు పక్కపక్కన ఉండే మీట అది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అంటారు. ప్లస్ 1 పెడితే వెలుగు రెట్టింపు, మైనస్ 1 పెడితే సగం. ఫోన్లో అయితే తెరమీద మీకు ముఖ్యమనిపించిన చోట వేలితో తాకండి. పక్కనే చిన్న సూర్యుడి బొమ్మ వస్తుంది. దాన్ని పైకి జరిపితే వెలుగు, కిందికి జరిపితే చీకటి.

ఇక్కడే చాలామంది తికమక పడతారు. తెల్లగా ఉన్నదాన్ని తీసేటప్పుడు వెలుగు తగ్గించాలనిపిస్తుంది. కాదు, పెంచాలి. తెలుపుకి ప్లస్, నలుపుకి మైనస్. కెమెరా చేసిన సగటు లెక్కని మనం వెనక్కి తిప్పుతున్నామన్నమాట. తెల్లపంచె పెద్దాయనకి ప్లస్ 1. గేదెకి మైనస్ 1. ముగ్గుకి మైనస్ ఒకటో, ముప్పావో. వారం రోజులు ఇదొక్కటే చేసి చూడండి, మిగతావేవీ ముట్టుకోకండి. మీ ఫొటోలు మీకే కొత్తగా కనిపిస్తాయి.

ఆటో మోడ్ మీద కక్షగట్టానని అనుకోకండి. మీట నొక్కడం మీ వంతు, మిగతాదంతా మాది అని చెప్పుకుంటూ జార్జ్ ఈస్ట్‌మన్ తన కొడాక్ కెమెరాని 1888లో అమ్మకానికి పెట్టాడు. అందులో వంద ఫొటోలకి సరిపడా ఫిల్ము ఉండేది. అయిపోయాక కెమెరాని అలాగే కంపెనీకి పంపిస్తే ఫొటోలు కడిగి, కొత్త ఫిల్ము వేసి తిప్పిపంపేవారు. మామూలు ఇళ్లలోకి ఫొటో వచ్చింది ఆ పుణ్యమే. చంటిపిల్లాడు మొదటి అడుగు వేస్తుంటే మీటలు తిప్పుతూ కూర్చోలేం కదా. అప్పుడు నేనూ ఆటోలోనే తీస్తాను. కానీ దీపం ఎక్కడికీ పరిగెత్తదు. అమ్మమ్మా పరిగెత్తదు. అక్కడ మాత్రం ‘మిగతాది’ కెమెరాకి వదిలెయ్యడం ఎందుకు?

చీకటిని చీకటిగా...

దీపం దగ్గరికే వద్దాం. మొట్టమొదటి పని, ఫ్లాష్ ఆపెయ్యడం. ఫ్లాష్ చెడ్డదేం కాదు. మిట్టమధ్యాహ్నం ఎండలో కళ్లకింద నల్లటి నీడలు పడితే, కిటికీకి వీపు పెట్టి కూర్చున్నవాళ్ల ముఖం నల్లబడితే అదే ఆదుకుంటుంది. కానీ దీపంముందు అది పగటిదొంగ. పైగా దాని బలం నాలుగడుగులే. దూరం రెట్టింపయితే వెలుగు నాలుగోవంతుకి పడిపోతుంది. తీర్థంలో వందగజాల దూరంలో కాలుస్తున్న బాణసంచాకి జనం ఫ్లాష్ కొడుతుంటారు చూడండి... ఆ వెలుగు ముందు వరసలోవాళ్ల బట్టతలల దాకా వెళ్లి ఆగిపోతుంది!

రెండోది, రంగు. దీపం వెలుగు పసుపు. ట్యూబ్‌లైటుది తెలుపు, కాస్త నీలం. మన కళ్లు సర్దుకుపోతాయి. కెమెరా కూడా సర్దుకుపోవాలనే చూస్తుంది. అందుకని ఆ పసుపుదనాన్ని తప్పుగా భావించి తీసేస్తుంది. వైట్ బ్యాలెన్స్ అన్నచోట ఆటో బదులు ‘డేలైట్’, అంటే సూర్యుడి బొమ్మ పెట్టండి. అప్పుడు ఎండని తెల్లగా చూసే కన్నుతో దీపాన్ని చూస్తుంది. దీపం దీపంలాగే వస్తుంది. నేను ఆ మూడో ఫొటోని ల్యాబ్‌లో మ్యాక్సీ సైజు ప్రింటు వేయిస్తే, ఆ మెషీన్ కూడా ఆటోనే కదా... చీకటిని పెంచి, పసుపుని తగ్గించి, బూడిదరంగు చుక్కల ముద్ద చేతికిచ్చింది. సీడీలో చూస్తేగానీ అసలు రంగు తెలియలేదు.

మూడోది, ఓపిక. చీకట్లో కెమెరా కన్ను ఎక్కువసేపు తెరిచి ఉండాలి. చేతిలో పెద్ద కెమెరా ఉంటే మాన్యువల్‌లో ఐఎస్‌వో 800, అపర్చర్ ఎఫ్ 2.8, షట్టర్ సెకనులో పదిహేనోవంతు పెట్టి మొదలుపెట్టండి. కెమెరాతోపాటు వచ్చే మామూలు లెన్స్ అంతగా తెరుచుకోదు కాబట్టి ఐఎస్‌వో 1600 చెయ్యండి. కాస్త చుక్కలు పడతాయి, పడనివ్వండి. చూసుకుని, చీకటి ఎక్కువైతే షట్టర్‌ని నెమ్మది చేయండి. సెకనులో పదిహేనోవంతు అంటే చెయ్యి వణికితే దొరికిపోతాం. గుమ్మానికి భుజం ఆనించండి. లేదా కెమెరాని బోర్లించిన బిందెమీద పెట్టి, రెండు సెకన్ల టైమర్ వాడండి. దీపం పెట్టేవాళ్లని మాత్రం ‘కదలకు’ అనొద్దు. అలా అనగానే ఊపిరి బిగబట్టి గ్రూప్ ఫొటో ముఖం పెడతారు. వత్తి అంటుకున్నాక చెయ్యి వెనక్కి తీసుకుని, ఒక్క క్షణం అలా చూస్తారు ఎవరైనా. నొక్కాల్సింది అప్పుడే.

ఫోన్లోనా? చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ‘ప్రో’ అనో ‘మాన్యువల్’ అనో ఒక మోడ్ ఉంటుంది. ఐఎస్‌వో, షట్టర్, వైట్ బ్యాలెన్స్ మూడూ అందులో మన చేతికొస్తాయి. అది లేకపోతే నైట్ మోడ్ ఆపేసి, దీపంమీద వేలు నొక్కిపట్టండి. సూర్యుడి బొమ్మని కిందికి లాగుతూ వెళ్లండి. నైట్ మోడ్ వరసగా కొన్ని ఫొటోలు తీసి వాటిని కలిపేస్తుంది. వీధిలో నడిచేటప్పుడు అది అద్భుతమే. తులసికోట దగ్గర మాత్రం రాత్రి ఎనిమిదింటిని సాయంత్రం అయిదున్నర చేసేస్తుంది.

చీకటిగా ఉంటే ఫొటో పాడైందనుకోవడం మనకెలా అలవాటైందో కానీ, మన పెద్దవాళ్లు మాత్రం అలా అనుకోలేదు. మాయాబజార్ (1957)లో పడవ పాట గుర్తుందిగా? ఆ వెన్నెలని కోట్లమంది చూశారు. అది మార్కస్ బార్‌ట్లీ అనే ఛాయాగ్రాహకుడు దీపాలతో పుట్టించిన వెన్నెల. ఈసారి టీవీలో వచ్చినప్పుడు నటుల్ని కాకుండా తెరలో నల్లగా ఉన్న భాగాల్ని చూడండి. ఎంత నలుపుని ఆయన నలుపుగానే వదిలేశాడో! అంతా వెలిగించేస్తే అది వెన్నెల అయ్యేది కాదు.

చందమామ అంటే గుర్తొచ్చింది. పౌర్ణమినాడు ఫోన్ తీసి చంద్రుణ్ణి తీయనివాళ్లుండరు. వచ్చేది తెల్లటి మాత్రబిళ్ల! రాత్రికదా అని కెమెరా వెలుగు పెంచేస్తుంది. కానీ చంద్రుడు చీకట్లో లేడు. అక్కడ పట్టపగలు, ఎండలో ఉన్న రాయి అది. అందుకే రాత్రిపూట కూడా దాన్ని ఎండలో వస్తువుని తీసినట్టే తీయాలి. పెద్ద కెమెరాలో ఐఎస్‌వో 100, ఎఫ్ 11, సెకనులో నూరోవంతు దగ్గర పెట్టండి. మచ్చలతో సహా వస్తాడు. ఫోన్లో అయితే చంద్రుడిమీద తాకి సూర్యుణ్ణి కిందికి దించాలి! కొన్ని ఫోన్లు ఇంకో అడుగు ముందుకేశాయి. 2023 మార్చిలో ఒకాయన కావాలనే మసకబార్చిన చంద్రుడి బొమ్మని కంప్యూటర్ తెరమీద పెట్టి, దాన్ని ఫోన్‌తో తీశాడు. ఫొటోలో అసలు బొమ్మలో లేని గుంటలూ మచ్చలూ ప్రత్యక్షమయ్యాయి. చంద్రుణ్ణి గుర్తుపడితే వివరాలు మెరుగుపరిచే ఏర్పాటు ఉందని ఆ కంపెనీ తర్వాత వివరణ ఇచ్చింది. మీ డాబామీంచి మీరు తీసిన చంద్రుడు కూడా పూర్తిగా మీది కాదన్నమాట.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే కథ ఒకటుంది. అమెరికాలో న్యూ మెక్సికో. 1941లో ఓ సాయంత్రం ఆన్సెల్ ఆడమ్స్ కారులో వెళ్తున్నాడు. హెర్నాండెజ్ అనే చిన్న ఊరు. తూర్పున చంద్రుడు పైకొచ్చాడు. పడమట సూర్యుడు దిగిపోతున్నాడు. ఆఖరి ఎండ సమాధుల శిలువలమీద తెల్లగా మెరుస్తోంది. కారాపి, పెద్ద పెట్టె కెమెరా నిలబెట్టాడు. వెలుగుని కొలిచే మీటరు వెతికితే కనిపించలేదు. చంద్రుడి వెలుగు ఎంతో ఆయనకి అంకెల్లో గుర్తుంది. దాన్నిబట్టి మనసులోనే లెక్కకట్టి నొక్కాడు. జాగ్రత్తకోసం రెండోది తీద్దామని ప్లేటు మార్చేలోగా శిలువలమీది ఎండ పోయింది. ఆ ఒక్కటే దక్కింది. ఆయన ఫొటోలన్నిట్లోకీ పేరుపడ్డవాటిలో అదొకటి. తీసిన తేదీ ఆడమ్స్ రాసిపెట్టుకోలేదు. ఫొటోలో చంద్రుడున్న చోటునిబట్టి ఖగోళశాస్త్రం తెలిసినవాళ్లు లెక్కవేసి, 1941 నవంబరు 1 సాయంత్రం 4.49 అని చాలా ఏళ్ల తర్వాత తేల్చారు.

మనం ఆడమ్స్‌లం కానక్కర్లేదు. మన తులసికోట వెలుగు మనకి తెలిస్తే చాలు.

మచ్చలు పోయిన ముఖం

అమ్మమ్మ 2014లో పోయింది. గోడకి పెట్టడానికి ఫొటో కావాల్సి వచ్చింది. ఇంట్లో ఉన్నవన్నీ పెళ్లిళ్లలో వరసగా నిలబడి తీయించుకున్నవే. పిన్ని పెళ్లి గ్రూప్ ఫొటోలోంచి ఆవిడ ముఖం కత్తిరించి, వెనకాల నీలంరంగు పెట్టి, పెద్దది చేయించాం. స్టూడియో అబ్బాయి మంచివాడే. శ్రద్ధగా చేశాడు. మరీ శ్రద్ధగా చేశాడు. అమ్మమ్మకి చిన్నప్పుడు అమ్మవారు పోసిన మచ్చలుండేవి, రెండు బుగ్గలమీదా. ఒక్క క్లిక్కుతో అవన్నీ నున్నగా తుడిచేశాడు. ఫ్రేము ఇంటికొచ్చాక మా అమ్మ చాలాసేపు చూసి, ‘‘ఎవరే ఈవిడ?’’ అంది. నవ్వుతూనే అంది. కానీ లోపలికెళ్లిపోయింది.

ఇప్పుడు ఆ పని స్టూడియో దాకా వెళ్లక్కర్లేకుండా ఫోనే చేసేస్తోంది. బ్యూటీ అనో, స్మూత్ అనో ఉంటుంది. కొన్నిట్లో మనం అడక్కుండానే ఆన్‌లో ఉంటుంది. ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫొటో తీసేముందు కెమెరా సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని సున్నాకి దించండి. వాళ్ల ముఖంమీద గీతలు వాళ్ల సంపాదన.

ముడతలు ఇబ్బందిగా కనపడకూడదంటే చెయ్యాల్సింది తుడిచెయ్యడం కాదు, వెలుగు మార్చడం. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన కుర్చీ వేయండి. కిటికీకి ఎదురుగా కాదు, వీపు పెట్టీ కాదు. వెలుగు ఒక చెంపమీద పడి, రెండో చెంప కాస్త నీడలో ఉండేలా. కరెంటు లైట్లు లేని రోజుల్లో ఫొటో స్టూడియోలు నడిచింది ఇలాంటి వెలుగుతోనే. పెద్ద పెద్ద అద్దాలు పెట్టి ఆకాశపు వెలుగుని లోపలికి రానిచ్చేవారు. సికిందరాబాద్‌లో స్టూడియో నడిపి, ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఛాయాగ్రాహకుడిగా పనిచేసిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) గాజుపలకల మీద తీసిన ముఖాల్ని చూడండి. మీసాల్లో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. అందులో ఆటో లేదు. మొహమాటం కూడా లేదు.

ట్యూబ్‌లైటు ఆపెయ్యండి. పగలే కదా. పైనుంచి ఆ తెలుపూ, పక్కనుంచి ఈ వెలుగూ కలిస్తే ముఖంమీద రెండురంగులు పడతాయి. ముఖంమీద వేలు నొక్కిపడితే వెలుగూ ఫోకస్సూ అక్కడే కట్టేసినట్టు ఆగిపోతాయి. తర్వాత సూర్యుణ్ణి కొద్దిగా, ఒక్క పిసరు, కిందికి దించండి. పోర్ట్రెయిట్ మోడ్ అని వెనకాల అంతా మసకచేసేది ఒకటుంటుంది. పెద్ద కెమెరాలో అపర్చర్ వెడల్పుగా తెరిస్తే వచ్చే మసక వేరు, ఇది వేరు. ఫోన్ లెన్స్ చిన్నది. అంత మసక దానికి సహజంగా రాదు కాబట్టి, మనిషెక్కడో వెనకభాగమెక్కడో లెక్కవేసి అది గీసేస్తుంది. జడలోని కనకాంబరాల చివర్లో, చెవికమ్మ అంచులో లెక్క తప్పుతుంది. అయినా వెనకాల ఉన్నదాన్ని ఎందుకు మసకచెయ్యాలి? గోడమీద దేవుడి పటాలు, గూట్లో పంచాంగం, మందులడబ్బా... ఇరవయ్యేళ్ల తర్వాత మీ పిల్లలు ముందు చూసేది వాటినే. మా అమ్మమ్మ ఫ్లాష్ ఫొటోని పూర్తిగా తిట్టడానికి నాకు మనసొప్పనిది కూడా అందుకే. తాతయ్య తువ్వాలు ఉన్నది అందులోనే.

ఒకటి మాత్రం కెమెరా ఏ మోడ్‌లోనూ చెయ్యదు. నడవదు. జూమ్ లాగేబదులు రెండడుగులు వెయ్యండి. పప్పు రుబ్బుతున్నవాళ్లని నిలబడి తీస్తే నడినెత్తి వస్తుంది. పక్కన చతికిలబడితే ముఖం వస్తుంది. చంటిపిల్లల్ని తీయాలంటే నేలమీద బోర్లా పడుకోవాల్సిందే. చీర నలుగుతుందంటారా... నలగనివ్వండి.

కదిలేవాటి సంగతీ ఓ మాట. ఆటోలో కెమెరా ఎప్పుడూ కదలికని ఆపడానికే చూస్తుంది. ఉయ్యాల ఊగుతున్న పిల్లని సెకనులో అయిదొందలోవంతులో తీస్తే గాల్లో బొమ్మలా ఆగిపోతుంది. పదిహేనోవంతులో తీస్తే పావడా అంచు గాలిలా సాగుతుంది. ఏది ఊగుతున్నట్టుందో మీరే చూసుకోండి. వానా అంతే. వెనకాల ముదురురంగు చెట్టో, తడిసిన తలుపో ఉంటే ముప్పయ్యోవంతులో ధారలు గీతలుగా వస్తాయి. దీపావళికైతే ఇంటిల్లిపాదికీ ఆట. కెమెరానో, ప్రో మోడ్ ఉన్న ఫోన్‌నో స్టూలుమీద కదలకుండా పెట్టి, ఐఎస్‌వో 100, షట్టర్ నాలుగు సెకన్లు. పిల్లల చేతికి కాకరపువ్వొత్తి ఇచ్చి గాల్లో పేరు రాయమనండి. ఫొటోలో అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తాయి. తిప్పి రాయడం ప్రాక్టీసు చేస్తూ మా చెల్లి కొడుకు రెండు డబ్బాలు ఖాళీ చేశాడు.

పోయిన కార్తీక పౌర్ణమికి అమ్మ మా అపార్టుమెంటు బాల్కనీలో కుండీలోని తులసి దగ్గర దీపం పెట్టింది. పక్కింటి బాల్కనీ నుంచి ఎల్‌ఈడీ వెలుగు పడుతుంటే వాళ్లనడిగి పది నిమిషాలు ఆపించాను. గుమ్మానికి భుజం ఆనించి, సూర్యుడి బొమ్మని దాదాపు అడుక్కి లాగి, ఆరో ఏడో తీశాను. ఒకదాంట్లో అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంటోంది. కళ్లు దీపంమీదే ఉన్నాయి. సగం ముఖమే కనిపిస్తోంది. పైట చెంగు అంచు బంగారుగీతలా ఉంది. మిగతా అంతా నలుపు.

చూపిస్తే కళ్లజోడు తెచ్చుకుని మరీ చూసింది.

‘‘ఇంత చీకటిగా ఉందేంటే?’’

‘‘చీకట్లోనే కదమ్మా పెట్టావు దీపం?’’

‘‘అదీ నిజమే’’ అంది. ఫోన్ దగ్గరగా, దూరంగా పెట్టి ఇంకాసేపు చూసింది. ‘‘అచ్చం మీ అమ్మమ్మ కూర్చున్నట్టే కూర్చున్నానే’’ అంది.

నేను మురిసిపోయేలోగానే ఫోన్ తిరిగి నా చేతికిచ్చింది. ‘‘సరే, ఇప్పుడు లైటేసి, ముఖం కనపడేలా ఇంకోటి తియ్యి. మీ పిన్నికి పంపాలి. కొత్తచీర అది.’’

లైటేసి తీశాను. ఆటోలోనే.